ఒకే స్క్రిప్ట్‌కు రెండు జవాబులు వస్తే దేన్ని నమ్మాలి?

ప్రశ్న: నేను ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం మా మండలంలో 15 నుంచి 49 ఏళ్ల వయసున్న 412 మంది మహిళల వివరాలు సేకరించి, ఆర్ అనే గణాంక ప్రోగ్రామింగ్ భాషలో విశ్లేషిస్తున్నాను. ఒకే స్క్రిప్ట్‌ను, అంటే కమాండ్లు రాసిన ఒకే ఫైల్‌ను, కాలేజీ ల్యాబ్‌లో నడిపితే సగటు వయసు 16.4 అని వస్తోంది. నా ల్యాప్‌టాప్‌లో మాత్రం ఏదో వార్నింగ్ వచ్చి, జవాబు స్థానంలో ‘ఎన్‌ఏ’ అని కనిపిస్తోంది. సాఫ్ట్‌వేర్‌ను రెండుసార్లు తీసేసి మళ్లీ వేసుకున్నా మార్పు లేదు. ఈమధ్య ఒక ఇంటర్వ్యూలో వేరొకరు రాసిన స్క్రిప్ట్ ఇచ్చి 20 నిమిషాల్లో తప్పు పట్టుకోమన్నారు, పట్టుకోలేకపోయాను. ఈ రంగం నాకు సరిపడదేమో అనిపిస్తోంది. బ్యాంకు పరీక్షల వైపు వెళ్లమంటారా? స్క్రిప్టు, డేటా జతచేశాను.
– ఒక విద్యార్థిని, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ముందుగా ఒక్క మాట. మీ ల్యాప్‌టాప్ పాడవలేదు. రెండు కంప్యూటర్లలో నిజం చెబుతున్నది అదే. ల్యాబ్‌లో వస్తున్న 16.4 అనే సంఖ్య పూర్తిగా తప్పు, పైగా అది ఏ హెచ్చరికా లేకుండా వస్తున్న తప్పు. మీ సర్వేలో 15 ఏళ్ల కంటే చిన్నవాళ్లు లేరు, 49 ఏళ్ల వరకు అన్ని వయసుల వాళ్లూ ఉన్నారు. అలాంటప్పుడు సగటు 16.4 కావాలంటే 412 మందిలో దాదాపు అందరూ 15 నుంచి 18 ఏళ్ల లోపు అమ్మాయిలే అయి ఉండాలి. మీరు ఇంటింటికీ తిరిగి ఆ ఫారాలు నింపారు కాబట్టి, ఎవరెవరితో మాట్లాడారో మీకు గుర్తుంటుంది. ఆ సంఖ్యను చూడగానే ‘ఇది కుదరదు’ అని చెప్పగలిగింది మీరే.

మీ ఫైల్ తెరిచి చూస్తే 237వ వరుసలో వయసు గడిలో 45 అనే అంకె పక్కన ‘ఇయర్స్’ అనే మాట కూడా టైప్ అయి ఉంది. మిగిలిన 411 గడుల్లో అంకెలే ఉన్నాయి. అయితే ఒక నిలువు వరుసలో ఒక్క గడిలో అక్షరాలున్నా ఆర్ ఆ నిలువు వరుస మొత్తాన్నీ అంకెలుగా కాకుండా పాఠ్యంగా చదువుతుంది. ఇక్కడి నుంచే రెండు కంప్యూటర్ల దారులు వేరయ్యాయి. 2020 ఏప్రిల్‌లో విడుదలైన 4.0.0 వెర్షన్‌కు ముందు వరకు, ఫైల్‌ను చదివేటప్పుడు పాఠ్యం ఉన్న నిలువు వరుసలను ఆర్ తనంతట తాను ‘ఫ్యాక్టర్’గా, అంటే వర్గాల జాబితాగా మార్చేసేది. మీ ల్యాబ్‌లో ఉన్నది ఆ పాత వెర్షన్. ఫ్యాక్టర్‌ను ‘యాజ్ డాట్ న్యూమరిక్’ కమాండ్‌తో అంకెగా మార్చినప్పుడు వచ్చేది అసలు వయసు కాదు, ఆ వర్గానికి జాబితాలో ఉన్న వరుస సంఖ్య. 15 ఏళ్ల అమ్మాయికి 1, 16 ఏళ్ల అమ్మాయికి 2, 30 ఏళ్ల మహిళకు 16 వస్తాయి. ఆ వరుస సంఖ్యల సగటే 16.4. అసలు సగటు 30 దాటుతుంది.

మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది 4.0.0 తర్వాతి వెర్షన్. అది పాఠ్యాన్ని పాఠ్యంగానే ఉంచింది. అదే కమాండ్ ఇచ్చినప్పుడు 411 గడులను సరిగ్గా అంకెలుగా మార్చి, ‘45 ఇయర్స్’ దగ్గర మాత్రం దీన్ని అంకెగా మార్చలేనని వార్నింగ్ ఇచ్చి, అక్కడ ‘ఎన్‌ఏ’, అంటే ‘విలువ తెలియదు’ అన్న గుర్తు, ఉంచింది. ఒక్క విలువ తెలియకపోయినా సగటు తెలియదన్నది ఆర్ పాటించే నియమం కాబట్టి జవాబు కూడా ‘ఎన్‌ఏ’ అయింది. మీరు రెండుసార్లు తీసేసి మళ్లీ వేసుకున్నది సరిగ్గా పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్‌నే. ఆ వార్నింగ్‌లో ఉన్న ఒక్క వాక్యాన్ని పదం పదం చదివి ఉంటే, 237వ వరుస దొరకడానికి పది నిమిషాలు పట్టేది. ఇది మిమ్మల్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఎరుపు అక్షరాలు కనిపించగానే చదవకుండా కిందికి జరిపేసే అలవాటు మన కాలేజీల్లో చాలామందికి ఉంది, దాన్ని మాన్పించే పాఠం ఏ సిలబస్‌లోనూ నాకు కనబడలేదు.

‘ఎన్‌ఏ’లను తీసేసి సగటు లెక్కించే వీలు కూడా ఆ కమాండ్‌లోనే ఉందని మీకు ఎవరైనా స్నేహితులు చెప్పవచ్చు. ఉన్న మాట నిజమే. కానీ ఎన్ని ‘ఎన్‌ఏ’లు ఉన్నాయో, ఎందుకున్నాయో లెక్కపెట్టకుండా ఆ వీలును వాడితే, తప్పును కనుక్కోవడం మాని కప్పిపెట్టినట్టవుతుంది. మీ ఫైల్‌లో ఒక్కటే ఉంది కాబట్టి నష్టం తక్కువ. ఆదాయం వరుసలో ‘1,25,000’ అని మన పద్ధతిలో కామాలతో రాసిన గడులు ఉన్నాయనుకోండి, కామాలున్న ప్రతి గడీ ‘ఎన్‌ఏ’ అవుతుంది, అంటే ఆ కుటుంబాలన్నీ చప్పుడు లేకుండా లెక్కలోంచి వెళ్లిపోతాయి.

తెలియని విలువలను ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కో రకంగా చూస్తుంది. ఈ సంగతి నాకు ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే తెలిసొచ్చింది. ఒక గ్రామీణ సర్వేలో 5 ఎకరాల కంటే ఎక్కువ భూమి ఉన్న కుటుంబాలను స్టాటా అనే సాఫ్ట్‌వేర్‌లో లెక్కించి పట్టిక ఇచ్చాను. స్టాటా తెలియని విలువను ఏ అంకె కంటేనైనా పెద్దదిగా భావిస్తుంది. దాంతో భూమి వివరం చెప్పని ప్రతి కుటుంబం పెద్ద రైతుల ఖాతాలో చేరింది. కమాండ్ ఎలాంటి ఎర్రర్ లేకుండా నడిచింది. కూలిపని మీద బతికే ఒక కాలనీలో ఇంతమంది పెద్ద రైతులెక్కడివని మా సీనియర్ అడిగేవరకు నాకు అనుమానమే రాలేదు. సాస్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో దీనికి సరిగ్గా వ్యతిరేకం: అక్కడ తెలియని విలువ అన్ని అంకెల కంటే చిన్నది. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉన్నవారిని రక్తహీనుల కింద లెక్కించమంటే, అసలు రక్తపరీక్షే చేయించుకోని మహిళలు కూడా అందులో చేరిపోతారు. అందుకే పోల్చే ప్రతి కమాండ్‌లో ‘విలువ తెలిసి ఉంటేనే’ అనే షరతును కూడా రాయడం అప్పటి నుంచి నాకు అలవాటైంది.

స్క్రిప్ట్‌లో తప్పును ఎలా వెతకాలన్నది మీ రెండో ఇబ్బంది. ముందు ఆర్‌ను మూసి, పాత సెషన్‌లో మిగిలినవేవీ తిరిగి రాకుండా ఖాళీగా తెరిచి, స్క్రిప్ట్‌ను మొదటి వరుస నుంచి నడపండి. నిన్నటి వేరియబుల్ ఒకటి మెమరీలో మిగిలిపోవడం వల్ల మాత్రమే పనిచేసే స్క్రిప్ట్‌లను నేను లెక్కలేనన్ని చూశాను. పది ఎర్రర్లు వస్తే మొట్టమొదటిదాన్నే చదవండి, తర్వాతివి చాలావరకు దాని పిల్లలే. ఆబ్జెక్ట్ దొరకలేదని వస్తే పేరు స్పెల్లింగ్, పెద్దబడి చిన్నబడి అక్షరాలు చూడాలి. ఫంక్షన్ దొరకలేదంటే ప్యాకేజీని లోడ్ చేయడం మరిచిపోయి ఉంటారు. ఊహించని గుర్తు ఉందని ఒక వరుసను చూపిస్తే, ఆ వరుసలో ఏమీ కనిపించకపోతే దాని పై వరుసలో మూయని బ్రాకెట్‌నో, వదిలేసిన కామానో వెతకండి. అప్పటికీ దొరకకపోతే స్క్రిప్ట్‌ను సగానికి విడదీసి, పై సగం తర్వాత డేటాలో ఎన్ని వరుసలున్నాయో, ఏ నిలువు వరుస అంకెలుగా ఉందో, ఏది పాఠ్యంగా ఉందో చూడండి. అక్కడ అంతా సరిగా ఉంటే తప్పు కింది సగంలో ఉన్నట్టు. ఇలా నాలుగైదుసార్లు విడదీస్తే వంద వరుసల స్క్రిప్ట్‌లోనైనా తప్పు ఉన్న చోటు కొద్ది వరుసలకు కుదించుకుపోతుంది.

ఎవరినైనా సాయం అడగాల్సి వస్తే, మొత్తం ఫైల్ పంపకుండా అదే ఎర్రర్ వచ్చే ఐదారు వరుసల చిన్న డేటాను మీరే తయారుచేసి, ఏం రావాలనుకున్నారో, ఏం వచ్చిందో రెండూ రాసి పంపండి. ఆ చిన్న డేటా తయారుచేస్తుండగానే సగం సందర్భాల్లో తప్పు మీకే దొరుకుతుంది. ఇంతకంటే ముఖ్యమైన కారణం ఇంకొకటుంది. మీరు నాకు పంపిన ఫైల్‌లో 412 మంది మహిళల పేర్లు, ఫోన్ నంబర్లు, గర్భధారణ వివరాలు ఉన్నాయి. వాళ్లు మిమ్మల్ని నమ్మి, మీ ప్రాజెక్టు కోసం చెప్పిన విషయాలవి. నేను ఆ ఫైల్‌ను నా దగ్గర పూర్తిగా తొలగించాను. మీరు కూడా పేర్లు, ఫోన్ నంబర్లను వేరే ఫైల్‌లోకి మార్చి, విశ్లేషణకు వాడే ఫైల్‌లో క్రమసంఖ్య మాత్రమే ఉంచండి. ఈ జాగ్రత్త తెలియనివారిని ఏ పరిశోధన సంస్థా డేటా దగ్గరికి రానివ్వదు, రానివ్వకూడదు కూడా.

ఇక మీ స్క్రిప్ట్. అందులో వేరియబుళ్లకు ఎక్స్, ఎక్స్1, ఎక్స్2, కొత్తఎక్స్ అని పేర్లున్నాయి. ఫైల్ ఉన్న చోటు మీ ల్యాబ్ కంప్యూటర్‌లోని డి డ్రైవ్ చిరునామాగా పూర్తిగా రాసి ఉంది, కాబట్టి అది ఇంకే కంప్యూటర్‌లోనూ మార్చకుండా తెరుచుకోదు. ఒకే కామెంట్ ఉంది, ‘సగటు లెక్కించడం’ అని. సగటు లెక్కిస్తున్నారని కమాండే చెబుతోంది. కామెంట్‌లో ఉండాల్సింది కమాండ్ చెప్పలేని విషయం: ఈ 11 మందిని ఎందుకు తీసేశారు, హిమోగ్లోబిన్‌కు ఈ హద్దు ఎక్కడిది, గర్భిణులకు వేరే హద్దు ఎందుకు పెట్టారు వంటివి. స్క్రిప్ట్ మొదట్లో దాని ఉద్దేశం, అది చదివే ఫైల్ పేరు, వాడిన ఆర్ వెర్షన్ రాయండి. మొత్తం పనిని ఒకే ఫోల్డర్‌లో పెట్టి, ఆ ఫోల్డర్ నుంచి మొదలయ్యే చిరునామాలే వాడండి. ముడి డేటా ఫైల్‌ను మాత్రం ఎప్పుడూ ముట్టుకోకండి. సవరణ ఏదైనా స్క్రిప్ట్‌లోనే జరగాలి, ఎక్సెల్‌లో చేత్తో కాదు. ‘వయసు 15కు, 49కి మధ్య లేకపోతే ఆగిపో’, ‘రెండు ఫైళ్లు కలిపాక వరుసలు 412 కాకపోతే ఆగిపో’ అన్న తనిఖీలను ‘స్టాప్ ఇఫ్ నాట్’ కమాండ్‌తో మధ్యమధ్యలో ఉంచితే, ల్యాబ్ కంప్యూటర్ 16.4 చూపించే బదులు ఆగిపోయి ఉండేది.

స్క్రిప్ట్ మీద ఇంత పట్టుదల ఎందుకని మీకు అనిపించవచ్చు. 2010లో ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ ప్రభుత్వాల అప్పు మీద ఒక పత్రం ప్రచురించారు. అప్పు జీడీపీలో 90 శాతం దాటిన దేశాల సగటు వృద్ధి రేటు మైనస్ 0.1 శాతమని అందులో ఉంది. ప్రభుత్వ ఖర్చుల కోత గురించి పలు దేశాల్లో జరిగిన చర్చల్లో ఆ పత్రాన్ని ప్రస్తావించారు. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం, ఆమ్‌హెర్స్ట్‌లో చదువుతున్న థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి కోర్సు పనిలో భాగంగా ఆ లెక్కను మళ్లీ చేయబోతే కుదరలేదు. రచయితల నుంచి వచ్చిన స్ప్రెడ్‌షీట్ తెరిచి చూస్తే, సగటు సూత్రం ఐదు దేశాల వరుసలను వదిలేసి ముందే ఆగిపోయింది. దాన్నీ, కొన్ని సంవత్సరాల డేటాను వదిలిన తీరునూ, సగటుకు వెయిటేజీ ఇచ్చిన పద్ధతినీ సరిచేస్తే అతనూ అతని అధ్యాపకులూ పొందిన జవాబు 2.2 శాతం. స్ప్రెడ్‌షీట్‌లో సూత్రం గడి వెనక దాక్కుంటుంది. స్క్రిప్ట్‌లో ఏ వరుసలు తీసుకున్నారన్నది పైకి కనిపిస్తుంది. ఆ తప్పు పట్టుకున్నది కూడా మీలాంటి విద్యార్థే.

ఇంటర్వ్యూ విషయానికి వస్తే, వాళ్లు చూసింది మీకు ఎన్ని కమాండ్లు వచ్చో కాదు. హైదరాబాద్‌లో క్లినికల్ ట్రయల్స్ డేటా మీద పనిచేసే సంస్థల్లో సాస్ ప్రోగ్రామర్ల పని సగం ఇదే. ఒకరు తయారుచేసిన పట్టికను మరొకరు విడిగా ప్రోగ్రామ్ రాసి మళ్లీ తయారుచేస్తారు, రెండింటినీ పోల్చి చూస్తారు, తేడా వస్తే ఎక్కడ వచ్చిందో వెతుకుతారు. సాస్ లాగ్‌లో ఎర్రర్లు ఎరుపులో, వార్నింగ్‌లు ఆకుపచ్చలో, నోట్‌లు నీలంలో కనిపిస్తాయి. కొత్తవాళ్లు ఎరుపు లేదని సంతోషిస్తారు. అనుభవం ఉన్నవాళ్లు నీలం చదువుతారు, ఎందుకంటే కలిపిన రెండు ఫైళ్లలోనూ ఒకే రోగి సంఖ్య ఒకటికంటే ఎక్కువసార్లు ఉందన్న సంగతిని సాస్ నోట్‌గానే చెప్పి ముందుకు వెళ్లిపోతుంది. ఈసారి అలాంటి పరీక్ష పెడితే మొదటి ఐదు నిమిషాలు ఏమీ మార్చకండి. స్క్రిప్ట్ ఏ ఫైల్ చదువుతోంది, చివరికి ఏమివ్వాలి అన్నది చూసి, ప్రతి మెట్టు తర్వాత వరుసల సంఖ్య చెప్పుకుంటూ పోండి. తప్పు దొరక్కపోయినా మీరు వెతికిన క్రమం పైకి వినిపిస్తే ఇంటర్వ్యూ చేసేవారికి అదీ లెక్కే.

ఆర్ ఉచితం, సాస్ కూడా విద్యార్థులకు ఆన్‌లైన్‌లో ఉచితంగా అందుబాటులో ఉంది. కాబట్టి డబ్బు పోసి శిక్షణలో చేరే ముందు ఈ ప్రాజెక్టునే రెండు భాషల్లోనూ రాసి పోల్చి చూడండి. హైదరాబాద్‌లో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, బేగంపేటలోని ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం (సెస్) వంటి చోట్ల సర్వే డేటా మీద పరిశోధన జరుగుతుంది. గ్రామాల్లో తిరిగి ఫారాలు నింపిన అనుభవం అక్కడ పనికొస్తుంది. బ్యాంకు ఉద్యోగం మీకు నిజంగా ఇష్టమైతే ఆ పరీక్షలు నిరభ్యంతరంగా రాయండి. కానీ ఒక వార్నింగ్ అర్థం కాలేదన్న కారణంతో మాత్రం వెళ్లకండి.

ప్రస్తుతానికి 237వ మహిళ కాగితపు ఫారం తీసి, వయసు 45 అని ఉందో లేదో మీ కళ్లతో చూడండి. ఉంటే ఆ ఒక్క గడిని సరిచేసే వరుసను స్క్రిప్ట్‌లో రాసి, పక్కనే ‘ఫారం చూసి సరిచేశాను’ అని తేదీతో కామెంట్ పెట్టండి. ల్యాబ్‌లో పాత ఆర్ ఉంది కాబట్టి, ఫైల్‌ను చదివే కమాండ్‌లో పాఠ్యాన్ని ఫ్యాక్టర్‌గా మార్చవద్దని స్పష్టంగా రాయండి. రెండు కంప్యూటర్లలోనూ ఒకే సగటు వచ్చాక, ఈసారి డేటా లేకుండా స్క్రిప్ట్ మాత్రమే నాకు పంపండి.