చివర సున్నాలు ఎలా వస్తాయిరా?

18446744073709551615 అనే సంఖ్యలో విశేషం ఏముందని అడిగారు. చదరంగం పలక మీద మొదటి గడిలో ఒక గింజ, రెండోదాంట్లో రెండు, మూడోదాంట్లో నాలుగు... అలా 64 గళ్ళూ నింపితే వచ్చే మొత్తం అది. రాజుగారి కథ అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. ఈ సంఖ్యతో నాకో పాత గొడవ ఉంది.

మా అబ్బాయి ఏడో తరగతిలో ఉండగా బళ్ళో ఇదే ప్రాజెక్టు ఇచ్చారు. వాడు ఎక్సెల్‌లో లెక్క వేసి 18446744073709600000 అని చార్టు మీద స్కెచ్ పెన్నుతో రాసేశాడు. టీచరుగారు టిక్కు కూడా పెట్టారు. మా నాన్నగారు పడక్కుర్చీలోంచే చూసి, "ఒరే, మొదటి గడిలో ఒక్క గింజ, మిగతావన్నీ సరి సంఖ్యలు. మొత్తం బేసి అవ్వాలి కదా, చివర సున్నాలు ఎలా వస్తాయిరా?" అన్నారు. వాడు తెల్లమొహం వేశాడు. నిజం చెప్పొద్దూ, నేనూ వేశాను.

అప్పుడాయన ఈ సంఖ్యనే చెప్పే పద్యం ఎత్తుకున్నారు. తెలుగులో గణితాన్ని పద్యాల్లో రాసిన పాతకాలం కవి పావులూరి మల్లనదని చెప్పుకునే చంపకమాల. అందులో అంకెలుండవు, మాటలే. శర అంటే మన్మథుడి బాణాలు, 5. శశి 1. షట్కం 6. మళ్ళీ చంద్రుడు, 1. ఇంకాస్త ముందుకెళ్తే వియత్తు, అంటే ఆకాశం, సున్నా. ఒకట్ల స్థానంతో మొదలుపెట్టి ఎడమకి రాసుకుంటూ పోవాలి. ఆయన ఆగి ఆగి చెబుతుంటే వాడు చార్టు వెనక రాశాడు. కుంజరం అంటే దిగ్గజాలు, 8, తుహినాంశుడు అంటే చంద్రుడే, 1 అనేసరికి సరిగ్గా 20 అంకెలు, చివర 51615. ఎక్సెల్ 15 అంకెలు మాత్రమే ఉంచుకుని మిగతా చోట సున్నాలు పెట్టేస్తుందట. మర్నాడు ఆ మాట చెబితే టీచరుగారు, "సిస్టమ్‌లో అలాగే వచ్చింది కదండీ" అన్నారు.

నన్నడిగితే పెద్ద సంఖ్యల్ని పద్యంలోనే దాచుకోవాలి. ఒక మాట జారితే గణం తప్పి చెవికి తెలిసిపోతుంది. అంకెల వరసలో ఒకటి పోతే ఎవడికి తెలుస్తుంది? ఇంకో విసుగు, దీన్ని "క్వింటిలియన్లు" అని చదివేవాళ్ళు. శుభ్రంగా లక్షా 84 వేల కోట్ల కోట్లు అనొచ్చుగా! బియ్యపు గింజ 20 మిల్లీగ్రాములనుకున్నా దాదాపు 37 వేల కోట్ల టన్నులు.

అసలు ప్రశ్న మరిచిపోయాను. ఇది 3, 5, 17, 257, 641, 65537, 6700417 అనే ఏడు ప్రధాన సంఖ్యల లబ్ధం. ఏదీ రెండోసారి రాదు, కాబట్టి దీన్ని నిశ్శేషంగా భాగించే సంఖ్యలు 128. ఆ 641కి పెద్ద చరిత్రే ఉంది. 2ని 32 సార్లు వేసి గుణించి ఒకటి కలిపితే వచ్చే 4294967297 ప్రధాన సంఖ్యేనని ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా అనుకున్నాడు. 641తో అది తెగుతుందని 1732లో ఆయిలర్ అనే మరో గణితజ్ఞుడు చూపించాడు. ఫెర్మా అంతటివాడే పొరబడ్డాక ఇక టీచరుగారిని ఏమంటాం.

ఈ 641 సంగతి మా నాన్నగారికి చెప్పాను. "పద్యంలో లేదు కదా" అని పేపరు తిప్పుకున్నారు.