బీమా ఫారంలో రాసిన లీకు, నివేదికలో ఏదీ?

ప్రశ్న: మా ఊరి పక్కన ఉన్న రసాయనాల ఫ్యాక్టరీకి కాలుష్య ప్రమాద బీమా ఉందట. అంటే వాళ్ల పర్యావరణ నివేదికను నమ్మొచ్చా?
– ఒక పాఠకురాలు, అచ్యుతాపురం

జవాబు: బీమా ఉందని నమ్మేయకండమ్మా. ఇరవై ఏళ్లు బీమా తరఫున ఫ్యాక్టరీలు తనిఖీ చేశాను. ఒకచోట ట్యాంకు చుట్టూ కట్టిన గోడ బీటలు వారింది, కింద మట్టి నల్లబడింది, ముక్కు బద్దలయ్యే వాసన. బీమా కోసం నింపే ప్రపోజల్ ఫారంలో పాత లీకు సంగతి రాశారు. దాస్తే రేపు క్లెయిము రాదని భయం. అదే ఏడాది వార్షిక నివేదికలో మాత్రం మొక్కలు నాటిన ఫొటోలే! ఆ బాధ నాకింకా పోలేదు.

భోపాల్ తర్వాత 1991లో వచ్చిన చట్టం ప్రమాదకర రసాయనాలు వాడేవాళ్లకు బీమా తప్పనిసరి చేసింది. బీమావాళ్లు అడుగుతారు కాబట్టి లెక్కలు రాయడం అలవాటవుతుంది, నిజమే. కానీ ఆ కాగితాలు మీదాకా రావు. 2022-23 నుంచి స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన ప్రకారం మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు (స్టాక్ మార్కెట్లో షేర్లున్నవి) బీఆర్‌ఎస్‌ఆర్ అనే వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక ఇవ్వాలి; అందులో కాలుష్య చట్టాల ఉల్లంఘనల వివరాలు వెతకండి. మీ ఫ్యాక్టరీ లిస్టెడ్ కాకపోతే గేటు బయట రసాయనాలు, వ్యర్థాల వివరాల బోర్డు ఉందేమో చూడండి. బీమా తనిఖీలో చెప్పిన మరమ్మతులు ఎప్పుడు చేశారో ఫ్యాక్టరీవాళ్లను తేదీతో సహా రాతపూర్వకంగా అడగండి.