రూపాయిన్నర వడ్డీయే కదా అని ఓకే నొక్కకండి

ప్రశ్న: నా వయసు 26. ఊరు విజయనగరం, ఉద్యోగం విశాఖలో. జీతం చేతికి 34,000 వస్తుంది. గది, తిండి, పెట్రోలుకు 14,000, ఇంటికి 10,000, బైకు ఈఎంఐ 3,200, మ్యూచువల్ ఫండ్ సిప్ 2,000 పోతాయి. బ్యాంకులో 14,000 ఉంది. స్నేహితుల ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. షోకి 3,000 ఇస్తారు, అందులో కీబోర్డు అద్దెకే 1,000 పోతుంది. ఏడాదికి ఇరవై షోలు దొరుకుతాయి. సంక్రాంతికి ఇంట్లో బట్టలు, పండగ ఖర్చు 18,000, స్నేహితులతో అరకు 9,000, సొంత కీబోర్డు 48,000, చేతి ఖర్చుకు 5,000 కావాలి. ఒక యాప్ 80,000 పది నిమిషాల్లో ఇస్తానంటోంది. రూపాయిన్నర వడ్డీ, 3 శాతం ఫీజు, 12 నెలల గడువు. షోల డబ్బుతో తీర్చేయగలను. తీసుకోవచ్చా? సిప్ ఆపాలా? నాన్నకు చిన్న కిరాణా కొట్టు, షుగర్ ఉంది. ఆఫీసు ఆరోగ్య బీమా నాకు మాత్రమే.

జవాబు: తీసుకోవద్దు. పండగ ముందు ఇలాంటి లెక్కే వేసుకునే కుర్రాళ్లు చాలామంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

రూపాయిన్నర వడ్డీ అన్నది తగ్గుతున్న బాకీ మీద కాదు, మొదట తీసుకున్న మొత్తం 80,000 మీద. ఏడాదికి వడ్డీ 14,400. నెల వాయిదా 7,867. ఫీజు 2,400, దాని మీద జీఎస్టీ 432 ముందే కోసేస్తారు కాబట్టి మీ ఖాతాలో పడేది 77,168. ఆ చేతికొచ్చిన డబ్బు మీద లెక్క కడితే నిజంగా పడే వడ్డీ నూటికి నెలకు మూడు రూపాయల పావలా, అంటే ఏడాదికి 39 శాతం. వీధిలో వడ్డీ వ్యాపారి ఆ రేటు చెబితే మీరు దండం పెట్టి వచ్చేస్తారు. వడ్డీ, ఫీజు కలిపి 17,232. అంటే పదిహేడు షోల కీబోర్డు అద్దె!

ఇక షోల డబ్బుతో తీర్చడం. అన్ని ఖర్చులూ పోను మీకు నెలకు మిగిలేది 4,800. వాయిదాకు ఇంకా 3,067 కావాలి. షోకి అద్దె పోను 2,000 చొప్పున నెలకు రెండు షోలు తప్పనిసరి. మీ షోల సంపాదన పెళ్లి ముహూర్తాలను పట్టి ఉంటుందని మీకు నేను చెప్పాలా? పుష్యమాసంలో పెళ్లిళ్లు లేవు, ఆషాఢంలో లేవు, భాద్రపదంలో లేవు, మధ్యలో మూఢం వస్తే అదీ పోయింది. వాయిదాకు శూన్యమాసం ఉండదు. పైగా ఆర్కెస్ట్రా వాళ్లకు అడ్వాన్సు పోను మిగతాది పెళ్లివారు ఎప్పుడిస్తే అప్పుడే. ఖాతాలో డబ్బు లేక ఒక వాయిదా వెనక్కి పోతే బ్యాంకు చార్జీ ఒకటి, అప్పిచ్చినవాళ్ల చార్జీ ఇంకొకటి, అప్పులు సరిగా కడతారో లేదో బ్యాంకులు చూసే సిబిల్ స్కోరు మీద దెబ్బ మూడోది.

ఇప్పటికే ఓకే నొక్కేసి ఉంటే, రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం డిజిటల్ అప్పుకు కనీసం ఒక రోజు కూలింగ్ ఆఫ్, అంటే మనసు మార్చుకునే గడువు ఉండాలి. ఆలోగా అసలు, ఆ రోజుల వడ్డీ కట్టి బయటపడండి. ఫీజు పోవచ్చు, పోనివ్వండి. ఫోనులో కాంటాక్టులు, ఫొటోలు చూడనిమ్మని అడిగే యాప్ అయితే అది నిబంధనలకే విరుద్ధం. వెంటనే తీసేయండి.

మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది అప్పు కూడా కాదు, బ్యాంకులో ఉన్న ఆ 14,000. షుగరున్న తండ్రి, బీమా లేని ఇల్లు. విజయనగరంలో కేసు కాస్త ముదిరితే విశాఖ తీసుకెళ్లమంటారు. అంబులెన్సు, అడ్మిషన్ దగ్గర డిపాజిట్, తోడున్నవాళ్ల తిండి, బస, మూసేసిన కొట్టు... ఇవన్నీ మొదటి రోజే. బీమా ఉన్నా వీటిలో చాలా వాటికి చేతి డబ్బే కావాలి. కాబట్టి అత్యవసర నిధి లేకుండా మీకు ఇంకే ప్లానూ లేదు.

మీకు ఆగని ఖర్చులు నెలకు 27,200. ఆరు నెలలకు 1,63,200. సిప్ ఆపండి, మిగులుతో కలిపి నెలకు 6,800 అవుతుంది. ఉన్న 14,000 ముట్టుకోకపోతే ఆరు నెలల్లో రెండు నెలల ఖర్చు చేరుతుంది, 22 నెలల్లో మొత్తం. జీతం పడిన మర్నాడే ఆ డబ్బు వేరే బ్యాంకు ఖాతాకు వెళ్లేలా ఆటోమేటిక్ పెట్టండి. ఆ ఖాతాను ఫోన్‌పేకి, గూగుల్‌పేకి తగిలించకండి. 25,000 చేరినప్పుడల్లా విడిగా ఒక ఎఫ్‌డీ చేయండి, అవసరానికి ఒకటి మధ్యలో రద్దు చేసుకుంటే చాలు, మిగతావి కదలవు. ఖాతాలో అమ్మ పేరు ‘ఎయిదర్ ఆర్ సర్వైవర్’గా, అంటే ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీసుకోగలిగేలా చేర్చండి. ఆసుపత్రిలో పడ్డది మీరే అయితే డబ్బు తీసేదెవరు?

పండగకు ఈ నెల మిగులు 4,800. సంక్రాంతికి రెండు షోలు ఖాయమైతే ఇంకో 4,000. అందులోనే అమ్మానాన్నలకు బట్టలు, కనుమ ఖర్చు చూసుకోండి. అరకుకు ఎస్.కోట మీదుగా బస్సులో పొద్దున్నే వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు. అందరి ఖర్చూ మీ కార్డు మీద గీకి తర్వాత వసూలు చేస్తాననుకోకండి, స్నేహితుల దగ్గర ఆ డబ్బు రాదు.

యాప్ బదులు అమ్మ గొలుసు తాకట్టో, చీటీ పాటో అనుకుంటారేమో: ఈ అవసరానికి రెండూ వద్దు. రేషన్ కార్డు ఉంటే నాన్నకు రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందో లేదో చూడండి. బీమా పాలసీ కూడా తీసుకోవాలి, షుగరు సంగతి దాచకుండా రాయాలి. పాత జబ్బులకు మూడేళ్ల దాకా నిరీక్షణ కాలం ఉండొచ్చు.

కీబోర్డు సంగతి. ఘంటసాల సంగీతం నేర్చుకున్న ఊరి కుర్రాడిని వాయించొద్దని ఎలా అంటాను? షోల డబ్బు మాత్రం వేరే పెట్టుకోండి. సంక్రాంతి రెండూ పోను ఇంకో పన్నెండు షోలకు 24,000. ఆ ధరలో సెకండ్ హ్యాండ్ వెతకండి. కొనేముందు ప్రతి మీటనూ మెల్లగా, గట్టిగా నొక్కి శబ్దం తేడా వస్తోందో లేదో చూడండి, స్వరాన్ని పైకీ కిందికీ జరిపే పిచ్ బెండ్ వదిలితే మధ్యకు తిరిగొస్తోందా గమనించండి, అరగంట ఆపకుండా వాయించండి. అడాప్టర్ కంపెనీదే ఇమ్మనండి. ధర మాట్లాడేది ఆషాఢంలో అయితే మంచిది, అమ్మేవాడికీ అప్పుడు షోలుండవు.