ఇంటర్వ్యూకి పోయే అల్లుడికి

తాడిపత్రి

అల్లుడూ,

కేంద్ర సాయుధ దళాల్లో ఆఫీసరు కొలువు, అదే అసిస్టెంట్ కమాండెంట్ ఇంటర్వ్యూకి పిలుపొచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. సరిహద్దు మీద ఏమడుగుతారో అని టెన్షన్ పడుతున్నావంట. నేను సరిహద్దు భద్రతా దళం, అదే బీఎస్ఎఫ్‌లో కానిస్టేబుల్‌గా చేరి హెడ్ కానిస్టేబుల్‌గా దిగినవాణ్ని, అట్లాంటి బోర్డు మొహం చూడలేదు. అయినా చెప్తా, విను.

ఏ సరిహద్దు ఏ దళం కాస్తుందో ముందు నోటికి రావాలి. పాకిస్తాన్, బంగ్లాదేశ్ బీఎస్ఎఫ్, చైనా ఐటీబీపీ (ఇండో-టిబెటన్ బోర్డర్ పోలీస్), నేపాల్, భూటాన్ ఎస్ఎస్‌బీ (సశస్త్ర సీమా బల్), మయన్మార్ అస్సాం రైఫిల్స్. అక్కడే ఆగిపోవద్దు, ఇట్లా ఎందుకు పంచారో చెప్పు. కార్గిల్ యుద్ధం తర్వాత లోపాలు ఎక్కడ జరిగాయో చూడమని కె. సుబ్రహ్మణ్యం కమిటీ వేశారు. ఆ వెనకే మంత్రుల బృందం 2001లో రిపోర్టిచ్చింది. ఒకే చోట రెండు మూడు దళాలుంటే తప్పు జరిగిన రోజు ఎవర్నీ నిలదీయలేం, కాబట్టి ఒక సరిహద్దుకు ఒకే దళం అన్నారు. 2004లో హోం శాఖలో సరిహద్దు నిర్వహణకు వేరే విభాగమే పెట్టారు. అస్సాం రైఫిల్స్‌కు మాత్రం ఇప్పటికీ జీతం హోం శాఖది, హుకుం ఆర్మీది. ఇద్దరు యజమానుల కింద పని ఎట్లుంటుందో నువ్వే ఆలోచించుకుని పో.

కంచె గురించి ఖాయంగా అడుగుతారు. మీ నాయన చెనక్కాయ చేనుకు కంచె వేసినా పందులు పడలేదా? మంచె మీద మనిషి లేని రాత్రే పడ్డాయి. అక్కడా అంతే. బంగ్లాదేశ్ వైపు ఇంకో చిక్కుంది. సరిహద్దు గీతకు 150 గజాల లోపల రక్షణ కట్టడాలు కూడదని రెండు దేశాలు 1975లో రాసుకున్నాయి. దాంతో కంచె వెనక్కి జరిగి, మన రైతుల చేలు దాని అవతల పడ్డాయి. ఆ రైతులు చేలకు పోయేందుకు కంచెకు గేటుండేది, పొద్దున దాని తాళం తీసేది నేనే. కార్డు చూసి, కొడవలి, సద్దిగిన్నె, ఎద్దులు లెక్క రాసుకుని వదలాలి. సాయంత్రం అదే లెక్క సరిపోవాలి. ఒకరోజు నిద్రమత్తులో అరగంట ఆలస్యం చేశాను. రోజూ నాకు బీడీ ఇచ్చి, రాత్రి ఎటు అలికిడైందో చెప్పే ముసలాయన తల వంచుకుని పోయాడు. నెల రోజులు నోరు విప్పలేదు. ఢిల్లీలో ప్లాన్ వేసేవాళ్లకు ఈ గేటు టైము కూడా ప్లానే అని చెప్పు.

ఈ పనుల మీద పైన తనిఖీకి, సర్కారు ఖర్చుల లెక్క చూసే కాగ్ ఆడిట్ ఉంది, పార్లమెంటులో హోం వ్యవహారాల స్థాయీ సంఘం ఉంది. ఆ సంఘం రిపోర్టులు రెండు చదువు, చాలు. చదివేటప్పుడు సరిహద్దు వెంట లైటు స్తంభాలు ఎన్ని పాతారన్నది ఒక లెక్క, రాత్రి ఎన్ని వెలుగుతున్నాయన్నది ఇంకో లెక్క అని గుర్తుపెట్టుకో.

150 గజాలు ఎన్ని మీటర్లని ఎవరైనా అడిగితే 137. మేమైతే అడుగులేసి కొలిచేవాళ్లం.

మీ మామ