హద్దు రాళ్ల దగ్గర మొదలుపెట్టు

విజయవాడ

చిరంజీవి అమ్మాయికి,

ఎడ్డీ మాబో మీద నువ్వు రాసిన మూడు అధ్యాయాలూ చదివాను. గుంటూరులో కూర్చుని ఎక్కడో ఆస్ట్రేలియా మూలవాసి నాయకుడి జీవితం రాయడమేమిటని ఇంట్లో అంటున్నారన్నావు. అననీ. పుస్తకం మాత్రం పూర్తి చెయ్యి. అయితే ఇప్పుడున్న తీరులో కాదు.

నీ రాతలో ఆయన మొదటి పేజీ నుంచే మహానాయకుడు. 'అడవితల్లి బిడ్డ' అంటావు, 'గర్జించాడు' అంటావు. ఆయన ఊళ్లో అలాంటి అడవే లేదమ్మా. ఆస్ట్రేలియాకు ఉత్తరాన టోరెస్ జలసంధిలో మేర్ అనే చిన్న దీవి అది. పెండలం, అరటి, కొబ్బరి వేసుకునే తోటలు. ఏ చెట్టు దగ్గర ఒకరి తోట ఆగి ఇంకొకరిది మొదలవుతుందో ఊరందరికీ తెలుసు. తనది కానిదాని మీద చెయ్యి వేయకూడదన్నది అక్కడివాళ్లు కొలిచే 'మాలో' అనే దేవుడి కట్టడి. ఇది మన పాఠకుడికి విడమరిచి చెప్పక్కర్లేదు. గట్టు జానెడు జరిగిందని అన్నదమ్ములు మాటలు మానేసిన ఊళ్లు మనవి. అడంగల్, పట్టా, సర్వే నంబరు, హద్దు రాయి... ఈ మాటలు వినపడని ఇల్లు లేదు. నీ పుస్తకాన్ని అక్కడ మొదలుపెట్టు.

రెండో అధ్యాయంలో నువ్వు ఒక్క వాక్యంతో దాటేసిన ఘట్టం ఉంది. నన్నడిగితే దానికి ఎన్ని పేజీలైనా ఇవ్వొచ్చు. మాబో ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్ నగరంలో జేమ్స్ కుక్ యూనివర్సిటీలో తోటపని చేసేవాడు. అక్కడి చరిత్ర అధ్యాపకులు హెన్రీ రేనాల్డ్స్, నోయెల్ లూస్‌లతో మాటల సందర్భంలో దీవిలో తన భూమి సంగతి చెప్పుకొచ్చాడు. ఆ భూమి చట్టప్రకారం నీది కాదు, ప్రభుత్వానిది అని వాళ్లు చెప్పాల్సి వచ్చింది. ఆయన నిర్ఘాంతపోయాడు. ఇప్పుడు ఆస్ట్రేలియాలో ఒక రాష్ట్రమైన క్వీన్స్‌లాండ్ 1879లోనే ఆ దీవిని తనలో కలిపేసుకుంది. తోట చేసుకునే మనిషికి ఆ కబురు దాదాపు వందేళ్ల తర్వాత చేరింది. నువ్వు అక్కడ 'ఆయన రక్తం మరిగింది' అని రాశావు. ఆ మాట తీసేసి, ఆ ముగ్గుర్నీ కూర్చోబెట్టు. చెప్పే వాళ్లకి ఎంత ఇబ్బందిగా ఉండి ఉంటుందో కూడా ఆలోచించు.

ఇక అసలు విషయం. పుట్టిన కొద్దిరోజులకే తల్లి పోతే మాబోను మేనమామ బెన్నీ మాబో తెచ్చి పెంచాడు. అక్కడి ఆచారంలో అదే దత్తత. తోటలు అలాగే తనకు సంక్రమించాయన్నది ఆయన వాదన. మేర్ భూమి తమదేనంటూ 1982 మే 20న ఇంకో నలుగురితో కలిసి క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం మీద కేసు వేశాడు. కేసు నడుస్తుండగానే క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం వాళ్ల హక్కునే రద్దు చేస్తూ 1985లో చట్టం చేసింది. అది చెల్లదని 1988లో హైకోర్టు తేల్చింది (అక్కడ హైకోర్టంటే మన సుప్రీంకోర్టు లాంటిది, ఇది పాఠకుడికి చెప్పు). సాక్ష్యాలు విన్న జడ్జి మొయినిహాన్ 1990లో తన నివేదిక ఇచ్చాడు. మాబోను బెన్నీ దత్తత తీసుకున్నట్టు ఆయన ఒప్పుకోలేదు. మాబో మాటను పూర్తిగా నమ్మలేనన్నాడు. ఎవరి పేరు మీద ఆ కేసు లోకమంతా తెలిసిందో, ఆయన సొంత తోటల హక్కే నిలబడలేదు.

నువ్వు దీన్ని వదిలేశావు. తెలియక కాదనుకుంటాను, నాయకుడు చిన్నబోతాడని భయపడి ఉంటావు. దత్తత దావాలు తరాలపాటు నడిచిన కుటుంబాలు తెనాలిలో, పొన్నూరులో ఎన్ని ఉన్నాయో మీ అమ్మమ్మనడుగు. 'నువ్వు ఆ ఇంటి బిడ్డవి కాదు' అని కోర్టు అన్నాక కూడా ఊరి కోసం కేసులో నిలబడ్డ మనిషిని మన పాఠకుడు తక్కువ చేసి చూడడు. ఆ అధ్యాయం లేకపోతే నీ పుస్తకానికి ప్రాణం లేదు.

1992 జనవరి 21న ఆయన క్యాన్సర్‌తో పోయాడు. జూన్ 3న తీర్పు వచ్చింది. ఏడుగురు జడ్జీల్లో ఆరుగురు మేర్ ప్రజల పక్షాన తేల్చారు. తెల్లవాళ్లు వచ్చేనాటికి ఆస్ట్రేలియా ఎవరిదీ కాని నేల అన్న వాదం అక్కడితో కూలిపోయింది. ఇవి తేదీలతో సహా సాదాగా రాసెయ్యి చాలు. తీర్పు రోజు దగ్గర పుస్తకం ముగించకు. 1993లో మూలవాసుల భూమి హక్కుల మీద చట్టం వచ్చింది కానీ, నేలతో తమ సంబంధం తెగలేదని హక్కు అడిగేవాళ్లే రుజువు చేసుకోవాలి. తరిమేయబడ్డ వాళ్లు ఎలా రుజువు చేస్తారు? ఆస్ట్రేలియాలోని మరో మూలవాసి జాతి, యోర్టా యోర్టా ప్రజలు 2002లో తమ భూమి కేసులో ఓడిపోయింది అందుకే. ఆ బాధ కూడా నీ పుస్తకంలోకి రావాలి.

మాబో భార్య బొనీటాకి రెండు వాక్యాలేనా? పదిమంది పిల్లల ఇల్లు, పదేళ్ల కేసు. టౌన్స్‌విల్‌లో నల్లజాతి పిల్లల కోసం 1973లో పెట్టిన బడిలో ఆమె కష్టమూ ఉంది. ఇల్లెలా గడిచిందో వెతికి రాయి.

ఇంకొక్క మాట. మన దగ్గర ఏజెన్సీలో భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం ఉంది, 1997 నాటి సమతా తీర్పు ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు గనుల లీజుకివ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది అందులోనే. కానీ అవి మైదానంలోని గిరిజనులకు వర్తించవు. మీ ఊరి కాలవగట్టు మీద గుడిసెలేసుకున్న యానాదుల్ని చూశావు కదా. పొలంలో ఎలుకలు పడితే కబురు పెడతాం, ఇంటి స్థలం పట్టా సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాదు. మేర్ గురించి రాసే ముందు ఓ ఆదివారం వెళ్లి వాళ్లతో మాట్లాడు. పుస్తకంలో వాళ్ల ప్రస్తావన తేవాలని కాదు. కాగితం లేని మనిషి తన చోటు గురించి ఎలా మాట్లాడతాడో నీ చెవిన పడాలి. మాబో నోట పెట్టే మాటలు అప్పుడు వాటంతటవే మారతాయి.

తీర్పు ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. పెద్దదని టెన్షన్ పడకు, రోజుకు కొంచెం చదువు. కోర్టు అధ్యాయం ముందు రాసి పంపు. బాల్యం, పెళ్లి తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు