రేడియోధార్మిక గేజ్‌ను రోడ్డు మార్గాన పంపేటప్పుడు

చిరంజీవి నాయనకు ఆశీస్సులు.

రేడియేషన్ భద్రతాధికారిగా బాధ్యత తీసుకున్నావనీ, త్వరలో ఒక సీసియం గేజ్‌ను, అంటే రేడియోధార్మిక సీసియం కిరణాలతో పదార్థాల సాంద్రత వంటివి కొలిచే పరికరాన్ని, మరమ్మతుకు పంపాలనీ రాశావు. కాగితాలు ఎంత సక్రమంగా ఉన్నా, పెట్టెలో సోర్స్ (కిరణాలు వెలువరించే రేడియోధార్మిక పదార్థం) ఉన్నదీ లేనిదీ రేడియేషన్ కొలిచే మీటరుతోనే తేల్చుకోవాలని ముందుగా చెబుతున్నాను.

2023 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియాలో, రియో టింటో సంస్థకు చెందిన గుడాయ్-డారి ఇనుప గని నుంచి లారీలో బయలుదేరిన గేజ్ సుమారు 1,400 కిలోమీటర్లు ప్రయాణించి 16వ తేదీన పెర్త్ చేరింది. 25న పెట్టె విప్పితే గేజ్ విడిపోయి ఉంది. నాలుగు బోల్టుల్లో ఒకటి లేదు. 8 మిల్లీమీటర్ల పొడవు, 6 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న సీసియం-137 క్యాప్సూల్, అంటే దాని సోర్స్, కూడా లేదు. దారిలో కుదుపులకు మరలు వదులై, బోల్టు రంధ్రం గుండా అది జారిపోయి ఉంటుందని అధికారులు భావించారు. ఫిబ్రవరి 1న న్యూమన్ పట్టణానికి దక్షిణాన, రోడ్డుకు రెండు మీటర్ల దూరంలో పడి ఉన్న దాన్ని గంటకు 70 కిలోమీటర్ల వేగంతో సాగుతున్న గాలింపు వాహనం పసిగట్టింది. నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది పెట్టె విప్పకుండా గడిచిన ఆ తొమ్మిది రోజులే.

కాబట్టి గేజ్‌లో కిరణాల దారిని మూసే షట్టర్‌ను మూసి తాళం వేశాక, ప్రతి బోల్టునూ నువ్వే బిగించి చూసి, పెట్టె ఉపరితలం దగ్గరా ఒక మీటరు దూరంలోనూ రీడింగ్ తీసి రాసుకో. అందుకునేవారు అదే రోజు, అదే పద్ధతిలో కొలిచి నీకు ఫోనులో చెప్పాలని ముందే ఒప్పించు. రీడింగ్ పరిసరాల సహజ స్థాయికి పడిపోయిందంటే సంతోషించవద్దు. సోర్స్ లోపల లేదేమోనని వెంటనే అనుమానించు.

పోయిందని అనుమానం కలిగిన గంటలోనే అణుశక్తి నియంత్రణ మండలికీ పోలీసులకూ తెలియజేయి. మనమే వెతికి చూద్దామని, సంస్థ పరువు పోతుందని ఆగవద్దు. 2010లో ఢిల్లీలోని మాయాపురి తుక్కు దుకాణాలకు చేరిన కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థం ఒక మనిషి ప్రాణం తీసింది. అందువల్ల దారిలోని తుక్కు వ్యాపారులకు సోర్స్ ఫోటో చూపించి, ముట్టుకోవద్దని, దూరంగా ఉండి కబురు చేయమని తెలుగులోనే చెప్పించు. దొరికినా ఎవరూ చేత్తో తీయకూడదు. దూరం రెట్టింపైతే రేడియేషన్ తాకిడి నాలుగో వంతుకు తగ్గుతుంది కనుక, ముందు జనాన్ని వెనక్కి పంపి, పొడవాటి పటకారు, సీసపు పాత్ర వచ్చేదాకా కాపలా ఉంచు.

బయలుదేరే ముందు డ్రైవరుకు ఈ విషయాలన్నీ కూర్చోబెట్టి చెప్పు, నీ ఫోను నంబరు అతని దగ్గర రాయించు.