ఫ్లింట్‌లాక్ కొన్న మేనల్లుడికి

చి. కార్తీక్‌కి,
పెద్దమామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. .50 కేలిబర్ (గొట్టం లోపలి వెడల్పు అర అంగుళం) ఫ్లింట్‌లాక్, హుక్డ్ బ్రీచ్ (గొట్టం వెనక కొస కొక్కెంలా తగులుకుని సులువుగా ఊడేది), మేపుల్ కర్ర. బాగుంది. పెన్సిల్వేనియాలో ఉంటూ డిసెంబర్ 26న మొదలయ్యే ఫ్లింట్‌లాక్ సీజన్ మీద మనసు పడ్డావు కాబట్టి క్యాప్‌లాక్ (రాయికి బదులు చిన్న క్యాప్ పేలి అంటుకునే రకం) కొనకపోవడమే నయమైంది. ఆ సీజన్లో చెకుముకి రాయితో పేలేది, .44కు తగ్గనిది అయితేనే ఒప్పుకుంటారు. ఇంకా నాలుగైదు నెలలు ఉన్నాయి. ఈ నెలల్లో కాల్చడం కంటే లోడ్ చేయడం, కడగడం మీదే ధ్యాస పెట్టు. గురి దాని వెనకే వస్తుంది.

ముందు మందు సంగతి. బ్లాక్ పౌడర్‌ని తెలుగు చేసి "నల్లమందు" అని మాత్రం ఫోన్లో మీ అమ్మతో అనకు. మనవాళ్లకు ఆ మాటకు అర్థం వేరు, ఆ రాత్రి ఆవిడకు నిద్ర పట్టదు. తుపాకి మందు అను చాలు. ఫ్లింట్‌లాక్‌కి అసలైన బ్లాక్ పౌడరే కావాలి. దానికి బదులుగా అమ్మే పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్ లాంటివి అంటుకోవడానికి ఎక్కువ వేడి అడుగుతాయి. రాయి రాల్చే నిప్పురవ్వకీ, గొట్టం పక్కనుండే చిన్న గిన్నెలో, అంటే పాన్‌లో, వచ్చే చిన్న మెరుపుకీ అవి సరిగా లొంగవు. గొట్టంలోకి 2ఎఫ్ గానీ 3ఎఫ్ గానీ, పాన్‌లోకి 4ఎఫ్ (అంకె పెరిగేకొద్దీ కణికలు సన్నం). నన్నడిగితే 3ఎఫ్ కొను, మసి తక్కువ. అవసరమైతే అదే పాన్‌లోకీ పనికొస్తుంది. పౌనుకు 7000 గ్రెయిన్లు. 60 చొప్పున వేసినా 110కి పైగా షాట్లు వస్తాయి. అన్ని షాపుల్లో దొరకదు. తెప్పించుకుంటే పార్శిల్ మీద హాజ్‌మాట్ (ప్రమాదకర సరుకు) రుసుము పడుతుంది కనుక స్నేహితులతో కలిసి ఒకేసారి ఆర్డర్ పెట్టడం లాభం.

స్మోక్‌లెస్ పౌడర్ (నేటి తూటాల్లో ఉండే మందు) చిటికెడు కూడా ఈ తుపాకిలోకి పోకూడదు. గొట్టం చీలిపోతుంది, దానితో పాటు చెయ్యి కూడా. రంగు చూసి పోల్చుకోవద్దు, స్మోక్‌లెస్‌లోనూ నల్లగా ఉండేవి ఉన్నాయి. మందు దాని డబ్బాలోనే ఉండాలి. పేరు లేని సీసాలో ఎవరైనా ఉచితంగా ఇచ్చినా దండం పెట్టి వదిలెయ్.

ఇప్పుడు లోడింగ్. దీనికొక వరుస ఉంది. సంధ్యావందనంలాగా ప్రతిసారీ అదే వరుసలో చెయ్యి. మధ్యలో ఎవరైనా పలకరిస్తే "ఒక్క నిమిషం" అని చెప్పి పూర్తి చేశాకే మాట్లాడు. ఈ తుపాకితో జరిగే తప్పుల్లో చాలావాటికి మూలం లోడింగ్ మధ్యలో కబుర్లు. మందు వేయకుండానే గుండు దింపేయడం, రెండుసార్లు మందు వేయడం, గుండు దింపే రాడ్ గొట్టంలో మరిచిపోయి కాల్చేయడం, అన్నీ అలా వచ్చినవే.

రేంజ్‌కి (కాల్చే మైదానానికి) వెళ్లగానే రాడ్ లోపలికి వదిలి గొట్టం ఖాళీయో కాదో చూడు. స్పిరిట్ తడిపిన గుడ్డతో లోపలి నూనె తుడిచి, ఆపై పొడి గుడ్డ పెట్టు. పాన్‌లో మాత్రం కాస్త 4ఎఫ్ వేసి ఒకసారి మెరిపిస్తే టచ్‌హోల్లోని (పాన్ నుంచి గొట్టంలోకి మంట వెళ్లే రంధ్రంలోని) చెమ్మ కూడా పోతుంది. తర్వాత రాయిని పట్టుకునే గుర్రం కిందికి దించి, ఫ్రిజన్ (రాయి తగిలితే రవ్వలు రాల్చే ఉక్కు పలక) తెరిచి, పాన్ ఖాళీగా ఉంచి, టచ్‌హోల్లో సన్నని పిక్ గుచ్చి లోడింగ్ మొదలుపెట్టు. తుపాకి మూతి నీ ముఖం వైపు కాకుండా పక్కకి వాలి ఉండాలి.

మందు నింపుకునే కొమ్ము నుంచి దాన్ని నేరుగా గొట్టంలోకి ఎప్పుడూ పోయకు. లోపల ఒక్క కణిక నిప్పు మిగిలి ఉంటే చేతిలోని కొమ్ము మొత్తం బాంబవుతుంది. ఇత్తడి కొలతలో పోసి, కొమ్ముకు బిరడా పెట్టి పక్కన పెట్టి, ఆ తర్వాతే కొలతలోది గొట్టంలోకి. 50 గ్రెయిన్లతో మొదలుపెట్టు. గురి కుదిరేదాకా ఐదేసి పెంచుకుంటూ వెళ్లు. .490 (అంగుళంలో 490 వేల వంతుల) గుండుతో 50 నుంచి 70 మధ్యలోనే కాగితం మీద మంచి గుంపు పడే చోటు సాధారణంగా దొరుకుతుంది. మాన్యువల్లో రాసిన గరిష్ఠం దాటొద్దు. మందు పెంచితే మిగిలేది పొగ, భుజం నొప్పి.

తర్వాత నూనె పట్టించిన ప్యాచ్ (గుండును చుట్టుకునే గుడ్డ ముక్క) మీద గుండు పెట్టి, షార్ట్ స్టార్టర్ అనే పొట్టి పుల్లతో కొద్దిగా దింపి, రాడ్‌తో మందు దాకా తీసుకెళ్లు. రాడ్‌ని మూతికి జానెడు పైన మాత్రమే పట్టుకుని చిన్న చిన్న తోపులతో దింపాలి. పైకెక్కడో పట్టుకుని బలంగా నెట్టితే కర్ర రాడ్ విరిగి, ఏటవాలుగా చీలిన ముక్క అరచేతిలోంచి అవతలికి దిగుతుంది. తుపాకితో వచ్చిన చెక్క రాడ్ అడవికే ఉంచి, రేంజ్‌లో స్టీల్ రాడ్ గానీ ఫైబర్‌గ్లాస్ రాడ్ గానీ వాడు. స్టీలైతే మూతి దగ్గర ఇత్తడి గైడ్ తగిలించు, లేకపోతే గొట్టం లోపలి గాడుల అంచులు అరిగిపోతాయి.

గుండు మందుకు ఆనుకుని ఉండాలి. ఈ ఒక్క వాక్యం మీద నువ్వెంత శ్రద్ధ పెడితే అంత మంచిది. మధ్యలో ఖాళీ మిగిలితే మండిన వాయువు ఆ ఖాళీలో వేగం అందుకుని గుండును గుద్దుతుంది. గుద్దిన చోట గొట్టం ఉబ్బుతుంది, పగలవచ్చు కూడా. అందుకే రాడ్ మీద రెండు గుర్తులు పెట్టుకో: ఖాళీ గొట్టంలో మూతికి వచ్చేది ఒకటి, నీ లోడ్ సరిగా దిగినప్పుడు వచ్చేది ఒకటి. రెండో గుర్తు మూతి దగ్గరకి రాకుండా కాల్చొద్దు. నాలుగైదు షాట్లయ్యాక మసి గట్టిపడి గుండు దారిలోనే ఆగుతుంది. ఉక్కపోత రోజున ఇంకా ముందే. దానికి విరుగుడు, షాటుకూ షాటుకూ మధ్య లోపల ఒక తడి గుడ్డ, ఒక పొడి గుడ్డ. తడి అంటే కారేటట్టు కాదు, నాలుక మీద పెట్టి తీసినంత. ఎక్కువ తడిపితే మసి నీళ్లు అడుక్కి చేరి తర్వాతి మందును పాడు చేస్తాయి.

మందు లేకుండా గుండు దింపేశావనుకో, కంగారుపడకు. టచ్‌హోల్లోంచి చిటికెడు 4ఎఫ్ లోపలికి ఎక్కించి, గుండు వెనక్కి ఆనిందో లేదో రాడ్‌తో మళ్లీ నొక్కి చూసి, రాడ్ తీసేసి, గురి వైపే కాల్చితే బయటపడుతుంది. అలా కుదరకపోతే కార్బన్ డయాక్సైడ్‌తో నెట్టే సాధనం ఉంది, సంచిలో ఒకటి వేసుకో.

పాన్‌లో మందు వేయడం అన్నిటికంటే చివర, ఫైరింగ్ లైన్ మీద నిలబడ్డాకే. దీన్ని పూర్వం మనవాళ్లు రంజకం అనేవారు. అంత మంచి మాట ఉండగా నేను ప్రైమింగ్ అనను. రంజకం పాన్‌లో మూడో వంతు చాలు, టచ్‌హోల్‌ని మూయకుండా. రంధ్రం మూసుకుపోయేలా కుప్ప పోస్తే మంట లోపలికి దూకదు. ఆ కుప్ప వత్తిలా కాలుతూ లోపలికి పోయేదాకా ఆగాల్సి వస్తుంది. "చక్... ఫుస్... ఢాం" అని మూడు ముక్కలుగా వినబడితే తప్పు అక్కడే. అంతా బాగున్నప్పుడు ఒకే చప్పుడు. పాన్‌లో మెరిసి తుపాకి పేలకపోతే మూతి గురి వైపే పెట్టి ఒక నిమిషం నిండా కదలకు. ఆ తర్వాతే పిక్ గుచ్చి, కొత్త రంజకం వేసి చూడు. కళ్లద్దాలు లేకుండా ఒక్క షాటూ వద్దు. నీ కుడి పక్కన నిలబడ్డవాడి మీదికి టచ్‌హోల్లోంచి మంట సూదిలా చిమ్ముతుంది. రేంజ్‌కి ఫ్లాష్ గార్డ్ (ఆ మంటను ఆపే అడ్డు) బిగించుకుని వెళ్లు.

రాయిని తోలు ముక్కలో చుట్టి గుర్రం దవడల మధ్య బిగించు. హాఫ్ కాక్‌లో (గుర్రం సగం ఎత్తి ఆపిన స్థితిలో) ఉన్నప్పుడు అంచు ఫ్రిజన్‌కి తగలకుండా, చాలా దగ్గరగా ఉండాలి. అంచు ఎడమా కుడీ ఒకేసారి తాకాలి, పైనుంచి మూడో వంతు దగ్గర. రాయి ఏటవాలు ముఖం పైకి పెట్టాలా కిందికి పెట్టాలా అన్నది లాక్‌ని (గుర్రం, ఫ్రిజన్ ఉండే పేల్చే యంత్రాన్ని) బట్టి. ఖాళీ తుపాకితో, చుట్టుపక్కల మందు లేని చీకటి గదిలో రెండు రకాలుగానూ కొట్టి చూడు. తెల్లగా, దండిగా పాన్‌లోకి రాలేది మంచిది. రెండు మూడు ఎర్ర చుక్కలే రాలితే అంచు మొద్దుబారింది. ఫ్రిజన్‌కి, రాయికి నూనె అంటనివ్వకు, జిడ్డు మీద రవ్వ పుట్టదు.

ప్యాచ్‌కి నూరు శాతం నూలు గుడ్డ. పాలిస్టర్ కలిస్తే కరిగి గొట్టానికి అంటుకుంటుంది. ఇక్కడ పిల్లో టికింగ్ అని చారల బట్ట అమ్ముతారు, అంగుళంలో సుమారు 18 వేల వంతుల మందం. గంజి పోయేదాకా ఉతికి ఆరబెట్టు. మీ నాన్న పాత పంచెలు చించుదామనుకోకు, మరీ పల్చన. జిడ్డుకి కొబ్బరి నూనె వేసవిలో పరవాలేదు గానీ డిసెంబర్‌లో రాయిలా గడ్డకడుతుంది. చలికి ఆలివ్ నూనె నయం, లేదా అమ్మే లూబ్ ఏదైనా. గుండు మెత్తని స్వచ్ఛమైన సీసం కావాలి. మొదటి ఏడాది సీసం కరిగించే పని పెట్టుకోక, పోతపోసినవి కొనుక్కో. ఇంట్లో చిన్నపిల్ల ఉంది. రేంజ్‌లో చేతులు సబ్బుతో కడగకుండా ఏదీ తినకు.

కడగడం ఆ సాయంత్రమే. ఈ మసిలో ఉండే పొటాషియం లవణాలు గాలిలోని చెమ్మను పీలుస్తాయి, రాత్రికి రాత్రే తుప్పు మొదలవుతుంది. "రేపు ఆదివారమేగా" అన్నావంటే గొట్టం పోయినట్టే. వెడ్జ్ (గొట్టాన్ని కర్రకు బిగించే చీల) లాగి గొట్టాన్ని కర్ర నుంచి విడదీసి, వెనక భాగం బకెట్‌లో గోరువెచ్చని నీళ్లలో ముంచు. రెండు చుక్కలు గిన్నెల సబ్బు చాలు. మరిగే నీళ్లు వద్దు, కళ్లముందే ఎర్రటి పొర తెస్తాయి. జాగ్‌కి (రాడ్ కొసకు బిగించే ముక్కకి) గట్టి గుడ్డ చుట్టి పైకీ కిందికీ ఆడిస్తే టచ్‌హోల్లోంచి నీళ్లు పంపులా లోపలికీ బయటికీ పోతాయి. నీళ్లు మార్చి మళ్లీ. అప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది, గంధకం మహిమ. ఈ పని పెరట్లో పెట్టుకో, వంటింటి సింకులో చేశావంటే మీ ఆవిడ పక్షానే నేను మాట్లాడతాను. నీళ్లు తేటగా వచ్చాక, బ్రీచ్ అడుగున మందు ఉండే చిన్న గది ఉందేమో చూసి చిన్న బ్రష్‌తో గీకు. చాలామంది వదిలేసేది అదే. పొడి గుడ్డలు తెల్లగా వచ్చేదాకా తుడిచి, పల్చగా నూనె. లాక్ విప్పి పాత టూత్‌బ్రష్‌తో కడిగి, పూర్తిగా ఆరాక కీళ్లకు చుక్క నూనె. మొదటి రాత్రి మూతి కిందికి ఉండేలా నిలబెట్టు, నూనె బ్రీచ్‌లోకి దిగకుండా. మర్నాడు ఒక గుడ్డ, వారానికి మరొకటి లోపలికి పంపు. గోధుమ రంగు కనిపిస్తే మళ్లీ కడుగు.

మందు ఇంట్లో చల్లని చోట, తాళం వేసిన చెక్కపెట్టెలో. ఇనప బీరువాలో పెట్టకు. మంట అంటుకుంటే అది మందు పాలిట గట్టి గొట్టమవుతుంది. విమానంలో మందు చేతి సంచిలో వద్దు, చెకిన్‌లో వద్దు. రేంజ్ బ్యాగు ఇండియా ప్రయాణానికి అసలే వాడకు. అక్కడ మూతి నుంచి మందు కూరే తుపాకికీ 1959 ఆయుధ చట్టం కింద లైసెన్సు కావాలి. తాతగారికి ఫొటోలు చూపించు చాలు. ఇక్కడ ఫెడరల్ లెక్కలో నీది యాంటీక్ (పాతకాలపు ఆయుధం) కిందకు వస్తుంది గానీ, రాష్ట్రాల లెక్కలు వేరు. న్యూజెర్సీలో అడుగుపెట్టే ముందు వాళ్ల నిబంధన చదువు. వీలైతే సెప్టెంబర్‌లో ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్ ఊరికి వెళ్లు. 1933లో పుట్టిన జాతీయ మజిల్‌లోడింగ్ సంఘం పోటీలు అక్కడే జరుగుతాయి. రాయి ఎలా పెట్టాలో చూపించమంటే కాదనేవాళ్లు ఉండరు.

మొదటిసారి కాల్చాక పది పదిహేను గజాల ముందు నేల మీద ప్యాచ్‌లు పడి ఉంటాయి, ఏరుకో. నడుమ గుండ్రని మసి, చుట్టూ అంచు పీచులుగా ఉంటే అంతా బాగున్నట్టు. నడుమ కాలి చిల్లుపడితే జిడ్డు చాలలేదు, లేదా బట్ట పల్చన. వరుసగా గీతల్లా కోసుకుపోయి ఉంటే కొత్త గొట్టం గాడులు ఇంకా పదునుగా ఉన్నాయి, కొన్ని డజన్ల షాట్లకు అరుగుతాయి. ఒక ఇరవై ఏరి, ఏది ఎన్ని గ్రెయిన్లదో రాసి, ఫొటో తీసి పంపు. లోడ్ సంగతి వాటిని చూసి చెబుతాను.

పెద్దమామయ్య